సాబ్ కండ్లకు పట్టీ ఉన్న రోజు

డెబ్బయిలల్ల గోదావరిఖనిల బొగ్గుబాయి కంపెనీ ఆఫీసుల టైపిస్టుగ పనిచేస్తుంటి. మా ఆఫీసర్ సాబ్ ఉత్తరాదాయన, తెలుగు రాదు. నేను ఉర్దూ మీడియంల చదువుకున్నోన్ని. అందుకని ఇంటర్వ్యూలప్పుడు నన్ను పక్కన కూసుండబెట్టుకొని, వచ్చినోళ్ల మాటలు హిందీల చెప్పించుకుంటుండె.

మాటలు అటిటు మార్చుడు నా పనే గని, నా ధ్యాసంత సాబ్ మొఖం మీదనే ఉండేది. మనిషి తలుపు తోసుకొని వచ్చి కుర్చీల కూసునేలోపే నచ్చిండా లేదా ఆ మొఖంల తేలిపోయేది. నచ్చితే వెనక్కి ఒరిగి, ఏ ఊరు, ఎంతమంది అన్నదమ్ములని నిమ్మళంగ అడిగేటోడు. నచ్చకుంటే ముందుకు వంగి గుచ్చిగుచ్చి అడిగేటోడు.

ఒకసారి కంపెనీ దవాఖానల వార్డుబాయ్ నౌకరీలకు పిలిచిన్రు. రోగి మందు తాగనని మొండికేస్తే ఏంజేస్తవని సాబ్ అందరినీ అడుగుతుండె. ఇస్త్రీ అంగి ఏసుకొచ్చిన ఒకాయన, కొంచెంసేపు ఆగి మళ్ల బతిలాడుత అన్నడు. ఓపికున్నోడని సాబ్ మెచ్చుకున్నడు. తర్వాత వచ్చినాయనది మందమర్రి. చిన్నప్పుడెప్పుడో కాలిందట, ఒక చెంపంత ముడుచుకపోయి ఉండె. ఆయన కూడ అదే మాట చెప్పిండు. పనిల మెల్లగుంటడని సాబ్ వద్దన్నడు. రెండు జవాబులను నేను ఒక్క తీరుగనే హిందీల చెప్పిన. ఒకే మాట ఒకరికి ఓపికయి, ఇంకొకరికి బద్ధకం ఎట్లయిందని నాకు వింతగ అనిపించింది. అడిగేటంత చనువు లేకుండె.

కొన్ని నెల్లకు మళ్ల అవే నౌకరీలకు పిలిచిన్రు. అప్పుడు గోదావరిఖనిల ఇంటింటికి కండ్లకలక. సాబ్‌కు గూడ వచ్చింది. వెలుతురు తగలొద్దని డాక్టర్ రెండు కండ్ల మీద దూది పెట్టి పట్టీ కట్టిండు. దూరం నుంచి వచ్చినోళ్లను వాపస్ పంపుడెందుకని సాబ్ అట్లనే వచ్చి కూసున్నడు.

చెంప కాలినాయన మళ్ల వచ్చిండు. అదే ప్రశ్న, అదే జవాబు. నేను ఇంకా హిందీల చెప్పనే లేదు, సాబ్ వెనక్కి ఒరిగిండు. గొంతు చల్లగుంది, రోగుల దగ్గర గిసుంటోడే ఉండాలన్నడు. నౌకరీ ఇచ్చిండు.

పట్టీ విప్పినంక సాబ్ నన్ను తోలుకొని దవాఖానకు పోతే, ఆయనే ఎదురొచ్చి నమస్తే సాబ్ అన్నడు. గొంతు గుర్తుపట్టి సాబ్ ఆ చెంప దిక్కు చూసిండు. ఆఫీసుకు వచ్చి, ఆయన ఇంతకుముందు గూడ ఇంటర్వ్యూకు వచ్చిండా అని నన్ను అడిగిండు. వచ్చిండని చెప్పిన. అప్పుడేం చెప్పిండని అడిగితే, ఇదే మాటని చెప్పిన.

"మరి అప్పుడు నేనేం విన్న?" అన్నడు సాబ్. నన్ను అడిగినట్టు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు, వచ్చినోళ్లు మొదటి జవాబు చెప్పేదాక తల వంచుకొని బల్లనే చూసేటోడు. మెల్లగ ఆ అలవాటు పోయింది.

నాకు మాత్రం తెలుసుకోవాలనే ఉండె. ఒకనాడు చాయ్ హోటల్ల ఆ వార్డుబాయ్ కలిస్తే అడిగిన. రెండుసార్లు ఒక్కటే మాట చెప్పినవు గద, తేడా ఏంది అని.

"ఒక్కటే మాట గని, ఒక్క తీరుగ చెప్పలే అన్న. మొదటిసారి సాబ్ నా చెంపనే చూస్తుండె, నాకు గొంతు పట్టుకపోయింది. పట్టీ చూసినంక ఆ ఫికర్ పోయింది. ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడిన."

పక్కనే కూసున్న నాకు ఆ సంగతి తెల్వలే. నేను మాటలే పట్టుకున్న, గొంతు వినలే.

ఆయన పని ఎట్లుందని తర్వాత కాంపౌండర్‌ను అడిగిన. రోగులతోని మంచిగుంటడు, పొద్దటి షిఫ్టుకే ఎప్పుడూ ఆలస్యంగ వస్తడు అన్నడు. అది మాత్రం ఇంటర్వ్యూల మొఖం చూసినా, గొంతు విన్నా ఎవలికీ తెలిసేది గాదు.