సూర్యచంద్రులు లేని దస్తావేజు

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల పంచ కింద దస్తావేజులు రాసేవాళ్లం పదిమందిమి కూర్చునేవాళ్లం. ఎనభైల మొదట్లో అందరికంటే చిన్నవాణ్ణి నేనే. పగలంతా అమ్మకాలు, పంపకాలు, దాన పత్రాలు రాసేవాణ్ణి. సాయంత్రం ఇంటికి పోయి ప్రపంచాన్ని తగలబెట్టేవాణ్ణి, కథల్లో.

ఆ పిచ్చి నాకు అద్దె పుస్తకాల షాపులో పట్టుకుంది. అణుయుద్ధం అయిపోయాక మిగిలిన ఒంటరి మనిషి, బూడిద రాలే నగరం, తాగితే చచ్చే నీళ్లు. ఒకటి చదివితే పది చదివినట్టే, అయినా వదలబుద్ధి అయ్యేది కాదు. పేపరు తెరిస్తే ఏ దేశం దగ్గర ఎన్ని బాంబులున్నాయనే గోలే. అంతకుముందు మనవాళ్లూ ఎడారిలో ఒకటి పేల్చి చూశారు. ఆ రోజు హాస్టల్లో మిఠాయి పంచుకుని తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. భయం ఆ తర్వాత వచ్చింది.

చిన్నప్పుడు విన్న ప్రళయం కథల్లో ఎన్ని నీళ్లు ముంచెత్తినా చివరికి ఒక పడవ ఉండేది. ముంచేది దేవుడు కాబట్టి తేల్చే పూచీ కూడా ఆయనదే. ఈ కొత్త కథల్లో ముంచేవాడు మనిషి. రాసేవాళ్లకే వాడి మీద నమ్మకం పోయింది, అందుకని పడవ పెట్టడం మానేశారు. వాళ్లను చూసి నేనూ మానేశాను.

కథల్లో మానేస్తే సరిపోయేది. ఇంట్లో కూడా మానేశాను. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు వద్దన్నాను. ఇలాంటి లోకంలోకి ఒక బిడ్డను తెచ్చి ఏం చూపిస్తామని నా వాదన. నా భార్య పూతలపట్టు పక్క రైతుబిడ్డ. నాతో గొడవ పడలేదు గానీ పెళ్లిళ్లకు, సీమంతాలకు పోవడం మానుకుంది. అక్కడ అందరూ తన కడుపు వంకే చూస్తారని ఒకసారి చెప్పింది. ఆమెకు బిడ్డంటే ఎంత ఆశో నాకు తెలుసు. తెలిసీ మొండికేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద కథ రాశాను. బాంబు పడ్డాక చిత్తూరులో ఒకే ఒక్కడు మిగులుతాడు. బస్టాండు నుంచి కోర్టు దాకా నడుస్తాడు, పలకరించే దిక్కుండదు, ఆఖరి పేజీలో వాడూ పోతాడు. మద్రాసు వారపత్రికకు పంపేముందు నా భార్యకు చదవమని ఇచ్చాను.

“అందర్నీ సంపేసినారు” అంది ఆమె, కాగితాలు సర్దుతూ. “ఇది లోకం కోసం రాసినట్టు లేదు. బిడ్డ వద్దని నాకు సెప్పేదానికి రాసినట్టుండాది.”

నీకు సాహిత్యం ఏం తెలుసని అరిచాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఒక అవ్వ నా ముందు వచ్చి కూర్చుంది. వెంట పెళ్లీడుకొచ్చిన మనవరాలు. తనకున్న ఎకరం నేల, అందులోని బావి మనవరాలికి దానంగా రాయాలి. మా దస్తావేజుల్లో ఒక వాక్యం ఉంటుంది: ‘పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కంగా అనుభవించవలసినది’ అని. సూర్యచంద్రులు ఉన్నంత కాలం అని అర్థం. నిద్రలో లేపి రాయమన్నా రాసేస్తాం. ఆ రోజు నా కలం అక్కడ ఆగింది. రాత్రి కోపం ఇంకా దిగలేదు. ఆకాశమంతా దుమ్ము కమ్మితే ఏ సూర్యుడు, ఏ చంద్రుడు అనుకుని, ‘అనుభవించవలసినది’ అని మాత్రం రాసి పారేశాను.

వేలిముద్ర పడేముందు కాగితం పైకి చదివి వినిపించాలి. అవ్వ కళ్లు మూసుకుని వింది. చెక్కుబంది, అంటే నాలుగు వైపుల హద్దులు చదువుతుంటే, చేత్తో ఒక్కో దిక్కూ చూపించుకుంటూ తలూపింది. అంతా అయ్యాక సిరా మీద పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకుంది.

“అంతా సరిగానే ఉండాది గానీ, సూర్యుడూ సెంద్రుడూ యాడబోయినారప్పా?”

దొరికిపోయాను. ఆ మాట లేకపోయినా కాగితం చెల్లుతుందవ్వా అన్నాను.

“మా నాయన నాకు రాసిచ్చినప్పుడు ఆ మాట సదివినారు. నేను ఇన్నాను. నువ్వు రాయకుంటే ఈ పిల్లకు ఎన్నేండ్లకు ఇచ్చినట్టు?”

నాకు ఒళ్లు మండింది. బాంబుల సంగతంతా అవ్వకు విడమరిచి చెప్పాను. మంట, బూడిద, ఆ తర్వాత ఏళ్ల తరబడి మొలవని నేల. పక్కవాళ్లు కలాలు ఆపి మరీ విన్నారు. అవ్వ మధ్యలో అడ్డు రాలేదు.

“అంతా సచ్చిపోతారా, కొందరన్నా మిగుల్తారా?” అని అడిగింది చివరికి.

“ఏదో ఒకరిద్దరు మిగలొచ్చు.”

“మిగిలినోల్లకు దప్పిగాదా? బాయి యాడుండాదో తెలియాల్నా వద్దా? కాగితంలో ఉంటే సదువుకుని వొస్తారు. రాయప్పా, పొద్దు పోతాండాది.”

రాశాను. ఆ మాటల్ని వరుసల మధ్య ఇరికించి, ఫలానా చోట చేర్చడమైనదని చివర్లో ఒక వాక్యం పెట్టి, మళ్లీ మొదటి నుంచి చదివాను. అవ్వ వేలిముద్ర వేసి, ఆ సిరా తలకు తుడుచుకుని, మనవరాలి చేయి పట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం నా కథలో ఆఖరి పేజీలు చించేశాను. ఇప్పుడు ఆ ఒంటరివాడు రిజిస్ట్రారాఫీసుకు వస్తాడు. కప్పు కూలిపోయింది, ఇనప బీరువా నిలబడే ఉంది. అందులో ఒక దస్తావేజు తీసి చదువుతాడు. తూర్పున మామిడి తోట, దక్షిణాన బండిబాట, పడమట వానాకాలం పారే వంక, ఉత్తరాన రాళ్లకట్ట, నడుమ బావి. తోట కాలిపోయినా వంక, కట్ట మిగిలాయి. వాటి ఆనవాలు పట్టుకుని వెతుక్కుంటూ పోతే, అక్కడ ఎవరో ఒక ఆడమనిషి అప్పటికే బావిలో పూడిక తీస్తూ ఉంటుంది.

నా భార్య నిలబడే చదివింది.

“నీల్లు మంచివేనా?”

“ఇంకా తాగలేదు” అన్నాను.

“తాగనీండి వాల్లని.”

తాగించాను. తర్వాత, రాత్రి అరిచినందుకు తప్పయిందని, మనకు బిడ్డ కావాలని చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

వారపత్రికలో కథ వచ్చింది. పైన పుట్టగొడుగులాంటి పొగ బొమ్మ వేశారు, బావి బొమ్మ వేయలేదు. నాకేం బాధ కలగలేదు. తర్వాతి మామిడికాయల కాలానికి మాకు కూతురు పుట్టింది. బాంబు భయం పోయిందని అబద్ధం చెప్పను, ఇప్పటికీ పేపరు చూస్తే గుండె జల్లుమంటుంది. కానీ భయం ఉన్నన్నాళ్లూ పిల్లకు అన్నం పెట్టకుండా కూర్చోలేం కదా.

ఆ పిల్ల పెద్దదయ్యాక, నా భార్య పుట్టింటివాళ్లిచ్చిన పూతలపట్టు నేల దాని పేరున రాసింది. అందరూ కంప్యూటర్ దగ్గర చేయించుకుంటున్న రోజుల్లో ఆ కాగితం నా చేత్తోనే రాశాను. సంతకానికి ముందు మొత్తం పైకి చదువుతూ, ఆ వాక్యం దగ్గరికి వచ్చాను. నా భార్య చేయెత్తి ఆపింది.

“ఆ మాట ఇంకోసారి సదవండి” అంది.

చదివాను.