పరీక్ష రోజున బ్రూనోకి పెట్టిన పెరుగన్నం

ఈ ప్రయాణానికి మూలం మా ఆయన మొండితనం. ఎనభైల మొదట్లో మేము అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆఫీసులో పక్క సీటాయన చెప్పిన వేట కబుర్లు విని ఈయన ఒక బ్రిటనీ జాతి కుక్కపిల్లను తెచ్చారు. పేరు బ్రూనో. వేట కుక్క పొదల్లో దాక్కున్న పక్షిని వాసనతో కనిపెట్టి బొమ్మలా నిలబడాలట. పక్షి ఎగిరినా కదలకూడదట. మావాడు పక్షి కనిపిస్తే చాలు, వెంటపడేవాడు. చివరికి ఉత్తరాన గ్రేలింగ్ అనే ఊరి బయట వాల్ట్ అనే శిక్షకుడి దగ్గర రెండు నెలలు వదిలాం. ఆ గడువు ముగిసిన శనివారం పరీక్ష. తప్పితే కుక్కను అక్కడే ఎవరికైనా ఇచ్చేయాలని షరతు పెట్టింది నేనే. మావాడు నా సోఫా సగం కొరికేశాడు మరి.

ఉదయం అయిదున్నరకు బయలుదేరి ఐ-75 హైవే మీద ఉత్తరానికి వెళ్ళాం. అప్పట్లో స్పీడ్ లిమిట్ యాభై అయిదు మైళ్ళే కాబట్టి మూడున్నర గంటలు పట్టింది. పోనూ రానూ గ్యాస్‌కి, అంటే పెట్రోలుకి, పాతిక డాలర్ల లోపే. దారంతా ఈయన కుక్క గురించి తప్ప ఇంకో మాట మాట్లాడితే ఒట్టు. నాకు తల వాచిపోయింది.

వాల్టూ మా ఆయనా పరీక్ష కోసం పావురాలున్న పెట్టెలు పొదల్లో దాచడానికి పొలంలోకి వెళ్ళారు. కారు దగ్గర నేనూ బ్రూనో మిగిలాం. వాడి పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. పరీక్ష రోజున పెరుగన్నం తినకపోతే మా అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. మా భోజనానికి తెచ్చిన డబ్బా మొత్తం వాడికే పెట్టేశాను.

పొలంలో బ్రూనో పది అడుగులు వేసి, ఆవులించి, గడ్డిలో పడుకున్నాడు. ఎంత పిలిచినా లేవడే!

"నిన్న ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. ఇవాళ ఏమైంది వీడికి?" అని వాల్ట్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

మా ఆయన నా వైపు చూడకుండా, "సరే సుజాతా, నువ్వన్నట్టే ఇక్కడే వదిలేద్దాం" అన్నారు. నేను నోరు మూసుకుంటే చాలు, కుక్క పీడ విరగడయ్యేది. కానీ నా వల్ల కాలేదు.

"ఏమండీ, నేనే పెరుగన్నం పెట్టానండీ. డబ్బా మొత్తం."

ఆయన అదే మాట ఇంగ్లీషులో చెప్పగానే వాల్ట్ కళ్ళు మూసుకుని నిట్టూర్చాడు. "పని అయ్యాకే తిండి మేడమ్. కడుపు నిండితే వీడికి నిద్రే. మూడింటికి రండి." ఊళ్ళో డైనర్‌లో నాలుగు గంటలు కూర్చున్నాం. ఈయన కుక్క ఊసే ఎత్తకుండా మాటిమాటికీ వాచీ చూసుకున్నారు. పొద్దున్నంతా ఆయన్ని విసుక్కున్న నాకు ఇప్పుడు నా మీదే ఒళ్ళు మండింది.

మూడింటికి బ్రూనో ఒక పొద ముందు ముంగాలు ఎత్తి నిలబడిపోయాడు. వాల్ట్ పొదలోని పెట్టెకు కట్టిన తాడు లాగాడు. పెట్టె తెరుచుకుని పావురం రెక్కలు కొట్టుకుంటూ ఎగిరింది. బ్రూనో చెవి కూడా కదపలేదు. మా ఆయన మాత్రం, "చూశావా సుజాతా!" అని అరుస్తూ పావురం వెంట పరుగెత్తారు.

"కుక్క నేర్చుకుంది. ఈయన్ని ఇంకో రెండు నెలలు ఇక్కడే వదిలేయండి" అన్నాడు వాల్ట్.

ఆయన వేటకు వెళ్ళింది ఒక్కసారే, అదీ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. బ్రూనో మాత్రం పదకొండేళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు, నా సోఫాలో మిగిలిన సగం మీదే పడుకున్నాడు. వాణ్ణి పంపేయాలని షరతు పెట్టిందీ నేనే, కడుపు మాడకూడదని కంగారుపడిందీ నేనే. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ భయమేస్తుంది. మీరూ మీ కుక్కను ఇలాంటి శిక్షణకు తీసుకెళ్తుంటే భోజనం డబ్బాను డిక్కీలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి మాత్రం నాలాంటి వాళ్ళ చేతికి ఇవ్వకండి.