సగం పుల్ల

ఇప్పుడు నేను ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌లో ఒక బ్రాకెట్ పక్కన కర్సర్ పెడితే చాలు, దాని జత ఎక్కడున్నా పసుపు రంగులో వెలుగుతుంది. ఆ సుఖం అలవాటైంది గాని, ఎందుకో పూర్తిగా నచ్చదు. నాకు జత చూసుకోవడం నేర్పింది మా బాపు, అదీ హాలియా పక్కన పొలం గట్టు మీద.

మాకు కాలువ నీళ్లు వంతుల వారీగా వచ్చేవి. మడికి నీళ్లు పెట్టడానికి గట్టుకు తీసే గండిని మడవ అంటాం. మడవ తీయగానే బాపు ఒక వేపపుల్లను రెండుగా విరిచేవాడు. ఒక సగం మడవ పక్కన గుచ్చి, ఇంకో సగం అంగీ జేబులో వేసుకునేవాడు. మడవ మూసి కట్టాక రెండు విరుపులూ కలిపి చూసి పారేసేవాడు. జేబులో పుల్ల మిగిలిందంటే ఎక్కడో మడవ తెరిచే ఉన్నట్టు, కిందివాళ్ల మడి మునుగుతున్నట్టు.

"మూడు మడవలు యాదుండవా బాపూ?" అని నవ్వేదాన్ని.

డిగ్రీ ల్యాబ్‌లో అన్నీ పాత కంప్యూటర్లు. అక్కడి ఎడిటర్ ఏ జతా చూపించేది కాదు. ఒకరోజు ఒక్క బ్రాకెట్ మూయడం మరిచి, ప్రోగ్రాం నడవక గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాను. ఇంటికొచ్చి విసుక్కుంటే, బాపు అంతా విని అన్నాడు: "తెరిచినప్పుడే జతది పెట్టుకోవాలె బిడ్డా. ఎన్క పెడదమంటే మరుస్తం."

మర్నాటి నుంచి తెరిచే బ్రాకెట్, మూసే బ్రాకెట్ ఒకేసారి కొట్టి, ఆ తర్వాతే మధ్యలో రాసేదాన్ని. బాపు పుల్లను చూసి నవ్వడం మానేశాను.

పోయిన యాసంగి పంటప్పుడు బాపు పొలం దగ్గరే కూలబడ్డాడు. దవాఖానకు చేరకముందే పోయాడు. మూడో రోజు, ఆనాడు ఆయన వేసుకున్న అంగీ తీసి పక్కన పెడుతుంటే జేబులో సగం పుల్ల తగిలింది. మూడు రోజులుగా ఎవరి మడి మునుగుతోందో అనుకుంటూ పొలానికి పరుగెత్తాను.

గట్టు మీద రెండో సగం అలాగే గుచ్చి ఉంది. పక్కనున్న మడవను మాత్రం ఎవరో మట్టితో గట్టిగా కట్టేశారు. కింది మడి వాళ్ల పెద్దమ్మ కలుపు తీస్తూ తలెత్తి చూసింది.

"ఆ దినమే నేను కట్టిన బిడ్డా. పుల్ల మాత్రం పీకలే. జత మీ ఇంట్ల ఉంటదని తెల్సు. నువ్వే పీకాలె."

పీకి, రెండు విరుపులూ కలిపి చూశాను. సరిగ్గా అతికాయి. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. బాపు అయితే అక్కడే పారేసేవాడు. నా వల్ల కాలేదు.