గాలి చూసి ఎంచిన జట్టు

ఆటలో చేసిన మోసమే కదా అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజంగా ఆటే అయితే, స్వరూప ఫోన్ వచ్చినప్పుడల్లా ఎత్తడానికి ఎందుకు వెనకాడతాను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

హైటెక్ సిటీలో మా టీముకి నేను లీడ్‌ని. మా అమెరికా క్లయింట్ గోల్ఫ్ సామాన్లు తయారుచేసే కంపెనీ. పెద్ద టోర్నమెంట్ వచ్చిందంటే వాళ్లు మాతో ఫాంటసీ పోటీ పెట్టేవారు. ఎవరికి వారు కొందరు ఆటగాళ్లని ఎంచుకోవాలి. వాళ్లు బాగా ఆడితే మన జట్టు గెలిచినట్టు. మాకు గోల్ఫ్ ఎక్కడ తెలుసు? పేరున్నవాళ్లని పెట్టేసి ఊరుకునేవాళ్లం.

స్వరూప అలా కాదు. లింగంపల్లి అమ్మాయి, నా టీములోనే డిజైనర్. ప్రాజెక్టు కోసం మొదలుపెట్టి ఆటంతా ఒంటబట్టించుకుంది. ఆసారి పోటీ సముద్రపు ఒడ్డున ఉన్న మైదానంలో. "పేరు చూసి కాదన్నా, గాలి చూసి తీస్కోవాలె. ఈదురుగాలిల ఆడి అలవాటున్నోళ్లే నిలుస్తరు" అంది భోజనాల దగ్గర.

జట్లు పంపాల్సిన రోజున వాళ్లమ్మకి ఆపరేషన్. స్వరూప దవాఖాన నుంచి ఫోన్ చేసి పేర్లు చెప్పింది, తన తరఫున నన్నే పంపమంది. వింటూ రాసుకున్నాను. నా జట్టు దాని పక్కన వెలవెలబోయింది. ఆమెదే నేనూ పెట్టేద్దామనుకున్నాను. కానీ రెండూ ఒకేలా ఉంటే దొరికిపోతాను. అప్పుడు చేశానా పని. ఆమె జట్టుకి నా పేరు, నా జట్టుకి ఆమె పేరు పెట్టి పంపేశాను. ఒక్క క్షణం ఆగానని చెబితే బాగుండేది. ఆగలేదు.

గాలి ఆమె చెప్పినట్టే వీచింది. పేరున్నవాళ్లు సగంలోనే ఇంటిదారి పట్టారు. నేను గెలిచాను. వీడియో కాల్‌లో క్లయింట్ పెద్దాయన, ఎలా ఎంచావని అడిగాడు. "గాలి చూసి" అన్నాను. స్వరూప ఆ కాల్‌లోనే ఉంది.

మర్నాడు నా సీటు దగ్గరికొచ్చింది.

"అన్నా, గాలి సంగతి నీకు చెప్పిందే నేను. మరి నా టీమ్‌ల గాలికి ఆడనోళ్లని నేనెందుకు పెడ్త? ఆ పేర్లు నేను చెప్పలె. నేను చెప్పినవి నీ టీమ్‌ల ఉన్నయి."

"నువ్వు చెప్పినవే పంపాను స్వరూపా. గాలి మాట నువ్వన్నాకే నేనూ నా జట్టు అలా ఎంచుకున్నాను. ఆరోజు అమ్మ గురించి కంగారులో ఉన్నావు. నీకే సరిగ్గా గుర్తులేదేమో."

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో అనుమానం ఉంటుందని భయపడ్డాను. లేదు. తనలోకి తాను వెతుక్కుంటోంది.

"ఏమో అన్నా. బాగ పరేషాన్‌ల ఉంటి. నేనే తప్పు చెప్పిన్నేమో. ఏమనుకోకు."

నన్నే ఏమనుకోవద్దంది.

జట్టు దొంగిలించడం చిన్న తప్పే కావచ్చు. ఆమె జ్ఞాపకాన్ని ఆమెకే అబద్ధం చేశాను చూడండి, దానికి ఏ పేరు పెట్టాలి? కొత్త ప్రాజెక్టుకి ఆ పెద్దాయన నన్నే కోరుకున్నాడు, ఆటని లోతుగా చూసే మనిషినని. స్వరూప మాత్రం మీటింగుల్లో ప్రతి మాటకీ ముందు "నాకైతే అట్ల గుర్తు, తప్పైతే చెప్పుండ్రి" అనడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎప్పుడూ అలా అనేది కాదు. కొన్నాళ్లకి కంపెనీ మారింది. అది నా వల్లేనా? వాళ్లమ్మ జబ్బు వల్లనేమో, పని భారం వల్లనేమో. అలా అనుకుంటూ ఎన్నో రోజులు గడిపాను. నమ్మకం కుదరలేదు.

మొన్న ఫోన్ చేసింది. పెద్ద ఉద్యోగం వచ్చిందట, ఒక టీమంతా తన చేతికిస్తారట. "ఒప్పుకోవాల్నా అన్నా? నా మీద నాకే భరోసా లేదు. నువ్వు చెప్తే చేస్త" అంది. నిజం చెప్పాలి కదా, ఆ క్షణమే? నోటిదాకా వచ్చింది. "చేరమ్మా, నువ్వు చెయ్యగలవు" అని మాత్రం అన్నాను. పెద్దమనిషిలా.

ఆమె పొరబడలేదు. నేనే మార్చాను.

ఇంత చిన్న మాటల్ని ఇన్నేళ్లకి బయటపెట్టాను. గుండె మీద బరువు కాస్త తగ్గినట్టుంది. కానీ విన్నది మీరు. వినాల్సిన మనిషి ఇంకా తన జ్ఞాపకాన్నే అనుమానిస్తోంది.