తుడిచేసిన తాటాకు

1978లో జంషెడ్‌పూర్ భాలుబాసా పేటలోని ఒక రెండు గదుల ఇంట్లో, ఎవరినీ అడక్కుండా ఒక తాటాకును శుభ్రం చేశాను. ఉద్యోగంలో అబ్బిన అలవాటుతో నేను చేసిన పెద్ద తప్పు అదే.

అప్పట్లో ఆ ఊళ్లోనే ఒక ఉక్కు ల్యాబులో మెటలోగ్రఫీ చూసేవాణ్ణి. ఉక్కు ముక్కను అద్దంలా నునుపు చేసి, మైక్రోస్కోపు కింద దాని లోపలి అల్లికను ఫొటో తీయడం నా పని. మాకు మొదట నేర్పేది ఒకటే: చూసేముందు స్పిరిట్‌తో తుడవాలి.

ఆ ఇల్లు అప్పలస్వామి గారిది. ఆయన క్రేన్ నడిపి రిటైరైన మనిషి. టెక్కలి వైపువారు. వాళ్ల కుటుంబంలో తరాలుగా ఒక పశువైద్యం పుస్తకం ఉంది. రెండు చెక్కల మధ్య తాడు గుచ్చిన తాటాకుల కట్ట. దానికి పురుగు పట్టింది. ఆయనకు చూపు మందగిస్తోంది. పుస్తకం పొడైపోయేలోగా ప్రతి ఆకునూ ఫొటో తీయించుకోవాలని ఆయన ఆశ. ఒక ఆదివారం కెమెరా, స్పిరిట్ సీసా, దూది పట్టుకుని వెళ్లాను.

కట్ట విప్పితే పైకి వచ్చింది చివరి ఆకు. జిడ్డుగా, మసిగా ఉంది. ఆయన కళ్లద్దాలు వెతుక్కుంటుండగానే దూది తడిపి గట్టిగా తుడిచేశాను. దూది నల్లబడింది. ఆకు బోసిగా మిగిలింది.

"ఏటి బాబూ, అచ్చరాలేవి?"

అప్పలస్వామి గారు కళ్లద్దాలు పెట్టుకుని ఆకు మీదికి వంగారు. ఆయన భార్య నరసమ్మ గారు వంటింటి గుమ్మంలోంచి అందుకున్నారు. "నాను సెప్పనేదా? ఇనుం తోమే బాబు సేతికి ఆకు ఇవ్వద్దని! ఆయనకి గిన్నయినా, గ్రంథమయినా ఒకటే."

అప్పుడు తట్టింది. తాటాకు మీద గంటంతో గీసి రాస్తారు. ఆ గీతల్లో మసి పూస్తేనే అక్షరం కంటికి ఆనుతుంది. నేను తుడిచింది మసినే. గీత ఎక్కడికీ పోదు! మా ల్యాబులో ఆబ్లిక్ లైట్ అని ఒక పద్ధతి ఉంది. వెలుతురును పక్కనుంచి వాలుగా వేస్తే సన్నని గీత కూడా నీడతో పైకి తేలుతుంది.

"టార్చి ఉందా? కిటికీలు మూసేయండి!"

టార్చిని ఆకు అంచున పడుకోబెట్టి వెలిగించాను. రోజూ ఉక్కు మీద గీత కనబడితే విసుక్కునేవాణ్ణి. ఆ క్షణాన ఒక్క గీత కనబడాలని మొక్కుకున్నాను. వరసలు వరసలుగా గుండ్రటి అక్షరాలు లేచాయి!

"వచ్చినాయేటి బాబూ?"

"వచ్చాయండీ! అన్నీ వచ్చాయి!"

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. శిథిలమైన పాత ప్రతిని చూసి రాశాననీ, తప్పులుంటే మన్నించమనీ రాసినతను వేడుకున్నాడు. ఆ పాత ప్రతి వెనుక ఇంకెన్ని ప్రతులో! ఆకుకు ఆయుష్షు కొంతే. ఎప్పటి రాజుల కాలంలోనో పుట్టిన మాట, చేతులు మారుతూ ఈ ఇంటిదాకా నడిచొచ్చింది. నరసమ్మ గారు దీపం మసిని ఆముదంలో రంగరించి తెచ్చారు. పూసి పొడిగుడ్డతో ఒత్తితే అక్షరాలు నల్లగా నిలబడ్డాయి. ముగ్గురం చిన్నపిల్లల్లా నవ్వాం.

అప్పలస్వామి గారు ఆకు అంచును వేలితో తడిమారు. "ఇక్కడ మా అయ్య రాత ఉండాల బాబూ. మా అన్నదమ్ముల పేర్లు. నాదీ ఉండీది."

టార్చి అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఏమీ లేదు. వాళ్ల నాన్న ఆ పేర్లను గంటంతో కాక, పెన్నుతో, సిరాతో రాశాడట. సిరాకు గాడి ఉండదు. అది నా దూదిలో ఉంది.

ఆయన ఆకును పక్కన పెట్టారు. "పోన్లే బాబూ, టీ తాగు" అన్నారు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి.

కట్టంతా ఫొటోలు తీశాను. మరే ఆకునూ తుడవలేదు. తర్వాత టూల్ స్టీల్ ముక్కను అరగదీసి ఒక గంటం చేసుకున్నాను. ఊరినుంచి తాటాకులు తెప్పించి, ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, ఆదివారాలు గీయడం నేర్చుకున్నాను. ఎన్ని ఆకులు చీల్చానో లెక్కలేదు. చేయి కుదిరాక అప్పలస్వామి గారు చెబుతుంటే ఆ అన్నదమ్ముల పేర్లు గీశాను. కింద నా పేరూ గీసి, "తుడిచినవాడు" అని చేర్చాను.

అప్పటికి ఆయనకు చూపు బాగా తగ్గింది. మసి పూయకముందే ఆకును బొటనవేలితో తడుముతూ తన పేరు దగ్గర ఆగారు.

"ఇది తుడిచినా పోదు గదా బాబూ?"

"పోదండీ," అని దాన్ని కట్ట చివర తాడుకు గుచ్చాను.