బంతి లేకుండా నిలబడ్డ రోజు

నా చిన్నప్పుడు ఉక్కునగరంలో పరుగులో నన్ను గెలిచినవాళ్ళు లేరు. కావాలంటే మా సెక్టారులో ఎవరినైనా అడగండి. అప్పటివాళ్ళు ఇప్పుడెవరూ అక్కడ లేరు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. మా నాన్న క్యారియర్ మర్చిపోయి షిఫ్టు బస్సెక్కితే, నేను అది పట్టుకుని ప్లాంటు గేటు దాకా పరిగెత్తి, అక్కడ బస్సు ఇంకా రాలేదని విసుక్కుంటూ నిలబడేవాణ్ణి. ఇందులో కొంత పెంచి చెప్పానని మీకనిపిస్తే, ఆ పెంచిన భాగానికి బాధ్యత మా మావయ్యది. ఆ గుణం నాకు ఆయన దగ్గరే అబ్బింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. సరుకు ఓడల మీద పనిచేసేవాడు. ఓడ దిగినప్పుడల్లా మా క్వార్టర్లో కొన్నాళ్ళుండి మళ్ళీ వెళ్ళిపోయేవాడు. వేరేవాళ్ళ మావయ్యలు విదేశీ సబ్బులు, సెంటు సీసాలు తెచ్చేవారు. మా మావయ్య కథలు తెచ్చేవాడు. ఒక సముద్రంలో పొగమంచు ఎంత చిక్కగా ఉండేదంటే, వీళ్ళు ఓడ అంచున నిలబడి లుంగీలు ఆ మంచు మీదే ఆరేసుకున్నారట. ఎండ రాగానే మంచు విడిపోయి లుంగీలన్నీ నీళ్ళపాలయ్యాయట. మా నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి.

ఒకసారి కథతోపాటు ఒక బంతి కూడా తెచ్చాడు. తోలు బంతి, కానీ గుండ్రంగా లేదు. రెండు కొసలూ సన్నంగా, లావుపాటి పనసగింజలా ఉంది. ఓడలో బరువుల కింద పడి నలిగిపోయిందేమోనని మా అమ్మ దాన్ని చూసి జాలిపడింది. అమెరికా రేవుల్లో సరుకు దింపేదాకా ఖాళీగా ఉన్న రోజుల్లో అక్కడి కుర్రాళ్ళు ఈ బంతితో ఆడే ఆట చూసి నేర్చుకున్నానన్నాడు మావయ్య. పేరుకి ఫుట్‌బాలే, కాలితో తన్నడం మాత్రం ఎప్పుడో గానీ ఉండదట. ఒక్కోసారి బంతిని చంకలో ఇరికించుకుని పరుగువాడు అవతలి గీత వైపు దూసుకుపోతాడు. ఒక్కోసారి వెనకాల నిలబడ్డ విసిరేవాడు దాన్ని దూరంగా ఉన్న తనవాడికి విసురుతాడు. విసిరేలోపు అతన్ని పట్టేసుకోవాలని అవతలి జట్టు మీద పడుతుంది. ఆట నాకు అర్థమైంది అంతవరకే, కానీ అందులో నా పని ఏమిటో చిటికెలో తేల్చేసుకున్నాను. బంతి చంకలో, ఊరంతా వెనకాల, నేను ముందు.

విసిరే పని పక్కింటి అక్కది. అది కూడా చిటికెలోనే తేలిపోయింది. అక్క అప్పుడు పదో తరగతి, బళ్ళో ఈటె విసిరేది. మావయ్య బంతి చేతికిచ్చి ఎలా పట్టుకోవాలో చూపించగానే ఒక్క విసురు విసిరింది. బంతి సుడి తిరుగుతూ పోయి పోయి, కిందికి దిగాలా వద్దా అని పైన కాసేపు ఆలోచించుకుంది. మావయ్య పరుగున వెళ్ళి దాన్ని తెచ్చి, ఇంకోసారి విసరమని అక్క చేతిలో పెట్టాడు.

ఈ సంగతి పక్క సెక్టారుకి తెలిసి, ఆదివారం పోటీ పెట్టుకుందామన్నారు. వాళ్ళలో ఒక బండవాడుండేవాడు. వాడు మెట్లు దిగితే పైనున్నవాళ్ళు గ్యాస్ బండ వచ్చిందనుకుని తలుపు తీసేవారు. మంచివాడే, కానీ ఒకసారి కదిలాడంటే వాడి కాళ్ళు వాడి మాట వినేవి కావు. విసిరేవాళ్ళని ముట్టుకుంటే చాలు, పడగొట్టకూడదని మావయ్య షరతు పెట్టాడు. బండవాడు బుద్ధిగా సరేనన్నాడు. వాడి కాళ్ళు సరేనన్నాయో లేదో ఎవరూ అడగలేదు.

అసలు భయం అక్క వాళ్ళమ్మది. ఆ పోటీ అయిన నాలుగు రోజులకే క్రీడల హాస్టల్ ఎంపిక ఉంది. ఈటె సరిగ్గా విసిరితే అక్కకి హాస్టల్లో సీటు, పైచదువు అక్కడే. లేకపోతే చదువు అక్కడితో సరి. ఇంట్లో అదివరకే అలా అనేసుకున్నారు. భుజం బెణికితే అంతా పోతుంది. ఈ పిచ్చి ఆటలొద్దని ఆవిడ గట్టిగా చెప్పింది. అక్క ఏడవలేదు, అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి మావయ్య వెళ్ళి, పిల్ల ఒంటి మీద గీత పడితే ఇక మీ గుమ్మం తొక్కనని మాటిచ్చి ఒప్పించాడు. తిరిగొచ్చి ఆ మాటని నా నెత్తిన పెట్టాడు.

పని ఇదీ. అక్క బంతిని నాకిచ్చినట్టు నటిస్తుంది. నేను దాన్ని కడుపులో దాచుకున్నట్టు వంగి పరుగు తీయబోతాను. అవతలివాళ్ళలో కొందరు నా మీదికి మళ్ళుతారు. కానీ బంతి అక్క దగ్గరే ఉంటుంది. నేను అక్కడే ఆగి, తిరిగి, ముందు వరుసలోని మావాళ్ళని దాటుకుని ఎవడొస్తే వాణ్ణి అక్క మీద పడకుండా ఆపాలి. బంతి గాల్లోకి లేచేదాకా కదలకూడదు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఉక్కునగరం మొత్తంలో వేగంగా పరిగెత్తేవాణ్ణి పట్టుకుని నిలబడమంటాడేమిటి? బంతి నా చేతికే రాని ఆట నాకెందుకని మొండికేశాను. మావయ్య బతిమాలలేదు. మర్నాడు పొద్దున్నే లేపి, జాలరిపేట వెళ్దాం పద, అక్కడ నీకు పరుగు నేర్పుతానన్నాడు. నమ్మి బస్సెక్కాను.

జాలరిపేటలో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ కొడుకు మావయ్య ఓడలోనే పనిచేసేవాడు. ఆవిడ ఇసక మీద పట్టా పరిచి నెత్తళ్ళు ఎండబోసింది. వెండిముక్కల్లా చిన్న చేపలు. మావయ్య నన్ను ఆ పట్టా ముందు నిలబెట్టి, కర్ర పట్టుకోకూడదు, రాయి విసరకూడదు, చేపలు మాత్రం పోకూడదని చెప్పి, ఆవిడ పక్కన బోర్లించిన పడవకి ఆనుకుని కూర్చున్నాడు.

పైన గద్దలు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి ఎంత పెద్దదంటే దాని నీడ పడితే చేపలు ఎండడం ఆగిపోయేది. నేను చేతులు రెండూ పైకెత్తి, మెడ నొప్పి పుట్టేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. అంతలో కాళ్ళ దగ్గర ఏదో మెత్తగా తగిలింది. సగం తోక లేని బక్క పిల్లి ఒకటి నోటినిండా నెత్తళ్ళు కరుచుకుని పోతోంది. నేనూరుకుంటానా? పరుగంటే నాదే కదా. దాని వెంటపడి, పడవలన్నీ దాటించి, దాదాపు పట్టుకునేంత దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, పట్టా మీద చేపలు కనిపించడం లేదు. కాకులు కనిపిస్తున్నాయి.

పెద్దావిడ కొంగుతో కాకుల్ని తోలుతూ నవ్వింది. “పిల్లిని అట్టుకుని ఏటి సేత్తావురా బాబూ? కూరొండుకుంటావా?” అంది.

నేను ఉక్రోషంతో, గద్దని చూసేసరికి పిల్లి వచ్చిందని మావయ్యకి మొరపెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు. పక్కకి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

“గద్ద కిందికి రావాలంటే సానా దూరం రావాలి గదరా. పిల్లికి ఒక్క గెంతు సాలు. నువ్వు ముందు దేన్ని సూడాలి?” అన్నాడు. పిల్లినన్నాను. మళ్ళీ ఆయనే, “పిల్లి మీద కోపంతో పట్టాని వొగ్గీసి ఎల్లిపోనావు. నీ పని పిల్లిని పట్టుకోడం కాదు, సేపలు మిగలడం,” అన్నాడు.

ఇంకోసారి నిలబడ్డాను. మావయ్య నా మోకాళ్ళు వంచాడు. చేతులు పైకి కాదు, ఛాతీ దగ్గర ఉంచమన్నాడు. ముందుకు దూకొద్దు, ఉన్నచోటే చిన్న చిన్న అడుగులతో అటూ ఇటూ జరుగుతుండమన్నాడు. ఎవడైనా వస్తే వాడి కళ్ళు చూడొద్దు, కళ్ళు అబద్ధాలాడతాయి, బొడ్డు చూడు, అది ఎటు వస్తే మనిషి అటే వస్తాడన్నాడు. పిల్లి బొడ్డు చూడడం నావల్ల కాలేదు గానీ, మళ్ళీ వచ్చినప్పుడు దాని దారిలో ఒక్క అడుగు వేశాను. ఆగింది. ఇంకోవైపు నుంచి వచ్చింది. అటూ ఒక అడుగు వేశాను. కాసేపు కూర్చుని నావైపు చిరాగ్గా చూసి వెళ్ళిపోయింది. చిత్రమేమిటంటే, నేనక్కడ కుదురుగా నిలబడి ఉన్నంతసేపూ ఆ పెద్ద గద్ద కిందికి రానేలేదు.

బస్సులో తిరిగొస్తూ మావయ్య అమెరికాలో తాను చూసిన ఒక పరుగువాడి కథ చెప్పాడు. వాడు బంతితో పరిగెత్తిన రోజు ఊరంతా వాణ్ణి భుజాల మీద మోసేదట. విసిరేవాణ్ణి కాపాడిన రోజు మాత్రం వాడు ఆడాడని వాడి తల్లికి కూడా తెలిసేది కాదట. ఆ విసిరేవాడు ముసలివాడయ్యేదాకా పళ్ళన్నీ ఊడకుండా ఉన్నాడంటే అది ఆ పరుగువాడి పుణ్యమేనట. ఈ కథలో ఎంత నిజముందో నాకు తెలియదు. ఆ పళ్ళు మాత్రం నిజమేననుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నం ఎర్రమట్టి గ్రౌండులో ఆట మొదలైంది. మావయ్యే విజిలు. అక్క వాళ్ళమ్మ మేడ మీద పిట్టగోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. మొదటిసారి బండవాడు నా మీదికొచ్చినప్పుడు సింహాచలం కొండ లేచి వచ్చినట్టనిపించింది. మోకాళ్ళు వంచి, రెండు అరచేతులూ వాడి ఛాతీ మీద ఆన్చాను. వాణ్ణి ఆపానని చెబితే మా మావయ్యని మించిన అబద్ధమవుతుంది. వాడు నన్ను దున్నుకుంటూనే వచ్చాడు, కానీ నేను కొంచెం పక్కకి జరుగుతూ వాడి దారి వంచాను. వాడు అక్కకి పక్కగా దూసుకుపోయి గ్రౌండు చివర కానుగ చెట్టు దగ్గర ఆగాడు. ఈలోపు అక్క విసిరేసింది. సాయంత్రం దాకా అదే పని. నా మోచేతులు గీసుకుపోయాయి, చొక్కా గుండీలు ఎక్కడ పోయాయో తెలియదు. బంతి ఒక్కసారి కూడా నా చేతిలోకి రాలేదు.

ఇక ఒక్క విసురు పడితే గెలుస్తామనగా చీకటి పడబోతోంది. అక్క నావైపు చూసింది. “నువ్వుంటే నాను ఇసురుతాను. లేకపోతే ఇంటికెల్లిపోతాను,” అంది మెల్లగా. ఉన్నానన్నాను.

బంతి ఇచ్చినట్టు నటించింది. వంగాను, ఆగాను, తిరిగాను. కుడివైపు చివర నుంచి బండవాడు బయల్దేరాడు. వాడి కోసమే నా ఒళ్ళంతా సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడు, మధ్యలో మావాళ్ళిద్దరి సందులోంచి ఒక బక్కవాడు జారిపడ్డట్టు బయటికొచ్చాడు. కబడ్డీ ఆడేవాడు, షరతు ఏదున్నా కాళ్ళ మీద పడి లాగేయడమే వాడికి తెలిసిన విద్య. వాడికీ అక్కకీ మధ్య ఎవరూ లేరు. వాడిది తిన్నని దారి. బండవాడు మాత్రం చుట్టూ తిరిగి రావాలి.

బండవాణ్ణి వదిలేశాను. ఒక్క అడుగు మధ్యలోకి వేసి వంగాను. బక్కవాడు అక్క మోకాళ్ళ కోసం వేసిన గెంతు నా పొట్టలో వచ్చి పడింది. ఇద్దరం మట్టిలో కూలబడ్డాం. వాణ్ణి వదల్లేదు. నా తల పక్కనుంచి బండవాడి అడుగులు ధనధనమని పోయాయి. కళ్ళు మూసుకున్నాను. ఇక అక్క భుజం పోయింది, సీటు పోయింది, మావయ్య మాట పోయింది అనుకున్నాను.

ఏ కేకా వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే అక్క నిలబడే ఉంది, విసిరిన చెయ్యి ఇంకా ముందుకు చాచి. ఆ చేతికి బెత్తెడు దూరంలో బండవాడు ఆగిపోయి, నోరు తెరిచి ఆకాశంలోకి చూస్తున్నాడు. “ఏటి బావా ఆ ఇసురు,” అన్నాడు నాతో. వాడి కాళ్ళు వాడి మాట వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది. నాకు ఒళ్ళంతా తేలికైపోయి, మట్టిలోనే వెల్లకిలా పడుకుని పిచ్చిపట్టినట్టు నవ్వాను.

అవతల మావాడు చేతుల్లోకొచ్చిన బంతిని జారవిడిచాడు. ఓడిపోయాం. ఆ సంగతి నాకు ఇంటికెళ్ళే దారిలో గానీ తట్టలేదు.

గుమ్మం దగ్గర అక్క వాళ్ళమ్మ అక్క చెయ్యి పైకెత్తించింది, తిప్పించింది, భుజం నొక్కి చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, ఒంటినిండా మట్టే, స్నానం చెయ్యమని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నా చిరిగిన చొక్కా వైపు ఎవరూ చూడలేదు. నాకు కొంచెం చిన్నబుచ్చినట్టయింది.

“నీ గురించి ఎవరైనా అడిగారేటి?” అన్నాడు మావయ్య.

లేదన్నాను.

“అయితే బాగా ఆడినావు.”

మావయ్య ఓడెక్కి వెళ్ళిపోయాడు. అక్క ఎంపికలో ఈటె విసిరింది. అది సముద్రంలో పడిందని చెప్పాలని నాకుంది గానీ, హాస్టల్లో సీటు రావడానికి సరిపోయినంత దూరంలో పడింది. రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కిన రోజు ఈటె విసిరిన ఆ కుడిచేత్తోనే మా అందరికీ చెయ్యూపింది.

ఈమధ్య తెల్లవారుజామున ఫోన్‌లో ఆ ఆట చూస్తుంటాను. ఎవడో బంతితో పరిగెత్తితే జనం హోరెత్తిపోతారు. నా కళ్ళు మాత్రం బంతి లేకుండా వెనకే ఉండిపోయిన పరుగువాడి మీద ఉంటాయి. బలం చాలామందికి ఉంటుంది. విసిరేవాడి దగ్గరికి ఎవడు ముందు చేరతాడో చూసి తేల్చుకోవడం, చేతిలో ఏమీ లేకపోయినా పూర్తిగా పరిగెత్తినంత మనసు పెట్టి నిలబడడం కొందరికే ఉంటుంది. విసిరేవాడు చొక్కా నలక్కుండా నడిచివస్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

సాయంత్రాలు గాజువాక సెంటర్లో రోడ్డు దాటేటప్పుడు నేను మా ఆవిడకి బళ్ళు వచ్చే వైపున ఒక అడుగు ముందు నడుస్తాను. అందరూ దూరంగా హారన్ కొడుతున్న లారీని చూస్తుంటారు. నేను పక్క సందులోంచి లైటు లేకుండా వచ్చే స్కూటర్ని చూస్తుంటాను. ఆవిడ కూరగాయల ధరల గురించి మాట్లాడుతూనే ఉంటుంది. అవతలి గట్టెక్కాక, తను చెప్పింది ఒక్క ముక్కా వినలేదు కదా అంటుంది. వినలేదని ఒప్పేసుకుంటాను. ఇన్నేళ్ళుగా ఆవిడకి రోడ్డు దాటడం ఒక పనిగా అనిపించనే లేదు.