బోర్డు మీది ఒక్క మాట

ఎనభైల మొదట్లో మా ఊరి మునిసిపాలిటీని రద్దు చేసి మళ్ళీ పంచాయతీ చేశారు. ఇంటిపన్ను తగ్గుతుందని బజారంతా సంబరపడింది. నేను తెలుగు టీచరుగా పనిచేసే మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆయన భార్య గుంటూరు ఆసుపత్రిలో నర్సు. మునిసిపల్ స్కూలు మాస్టారికి ఇంకో మునిసిపల్ స్కూలుకే బదిలీ. ఆరేళ్ళుగా ఆయన గుంటూరు మునిసిపల్ స్కూలుకి వెయ్యమని అర్జీలు పెడుతూనే ఉన్నారు.

గేటు పక్కనున్న స్కూలు బోర్డు ఆయన రాసిందే. రోజూ బడి వదిలాక జేబురుమాలుతో దాని దుమ్ము తుడిచి గానీ ఇంటికి వెళ్ళేవారు కాదు. మిరప కళ్ళాల ఘాటుకి తుమ్ముతూ కూడా తుడిచేవారు.

ఊళ్ళో మునిసిపాలిటీ బోర్డులన్నీ పంచాయతీ అని ఆయన చేతే మార్పించారు. ఆయనా మార్చారు. స్కూలు బోర్డు దగ్గరికొచ్చేసరికి రేపు మాపన్నారు.

"రేపు ఇన్‌స్పెక్షనుకి ఆఫీసరుగారొస్తున్నారు. ఇవాళైనా ఆ 'మునిసిపల్' చెరిపెయ్యండి మాస్టారూ," అని హెడ్మాస్టరుగారు బతిమాలారు.

"అదుంటేనే కదండీ నాకు గుంటూరు," అన్నారాయన.

చివరికి స్టూలెక్కారు. నేను పట్టుకున్నాను. ఆ ఒక్క మాటా తెల్లరంగుతో కప్పేసి, "ఇక్కడేం రాయమంటారండీ?" అని అడిగారు.

"మనం ఎవరి కిందికొస్తామో ఇంకా ఆర్డరు రాలేదండీ. ఖాళీగా ఉంచెయ్యండి," అన్నారు హెడ్మాస్టరుగారు.

మర్నాడు బడి వదిలాక మాస్టారు గేటు దగ్గర ఆగారు. జేబురుమాలు తీసి, ఆ ఖాళీని మాత్రమే తుడిచారు.